అద్దం కింది కొమ్ము

గంగాదాస్ కారునుంచి విప్పిన పెట్రోలు ట్యాంకును కాళ్ళ మధ్య ఇరికించుకుని, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు పోస్తున్నాడు. ఒక చెంబు పోయడం, అరచేత్తో మూతి మూసి ఊపడం, వంచి పారబోయడం. ఎర్రటి తుప్పునీళ్ళు వాకిట్లోంచి పారి వీధి మోరీలో కలుస్తున్నాయి. వాడకట్టులో ఎవరైనా గల్ఫుకు బయలుదేరే రోజు పొద్దున ఈ స్నానం జరిగి తీరాల్సిందే. పోయేవాడు తలస్నానం మానేసినా మానేస్తాడు గాని కారుకు మాత్రం తప్పదని గంగాదాస్ భార్య ముత్తెమ్మ ఎకసెక్కెమాడుతూ ఉంటుంది.

ముత్తెమ్మ అరుగుమీద బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొగులు పట్టిన ఆకాశం వైపు చూసింది.

"ఎండ లేదు, ఏం లేదు. ఇయ్యాల్ల గుడ కడుగుడేనా?"

"తుప్పు మస్తు వస్తున్నదే. గీ కొత్త పెట్రోలు వచ్చిన కాన్నుంచి ఊకూకె ఫిల్టరు జామైతున్నది."

"మరి నీళ్ళు ఆరకుంటె?"

"ఆరకుంటె ఏమాయె? నీళ్ళు కిందుంటయి, పెట్రోలు మీదుంటది. రెండూ కలువయి. ఎన్నడన్న కలిసినయా?"

నిజమే, ఆయన కారు నడిపినన్నాళ్ళూ కలవలేదు. ట్యాంకు అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలితే మిగిలేవి. పెట్రోలు పీల్చే గొట్టం మూతి వాటికి బెత్తెడు పైన ఉండేది. తీరిక దొరికినప్పుడు అడుగు బోల్టు వదులు చేస్తే నీళ్ళు వేరుగా రాలిపోయేవి. డ్రైవరు పనిలో ఆయనకు అనుమానం లేని సంగతులు చాలా తక్కువ. అందులో ఇదొకటి.

గంగాదాస్ పొడుగు మనిషి. కిటికీ అంచున మోచెయ్యి ఆనించీ ఆనించీ కుడిభుజం కిందికి జారింది. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు గుంజే అలవాటువల్ల కింది పెదవి నల్లబడి పగుళ్ళిచ్చింది. ఆర్మూరులో ఏ గోడ గీకినా పసుపే రాలుతుందంటారు గాని, ఆయన గోళ్ళల్లో మాత్రం పసుపు కాదు, నల్లటి గ్రీజు. వయసులో ఉన్నప్పుడు ఒక పసుపు సేటు దగ్గర డ్రైవరుగా చేరాడు. సేటు కొత్త కారు కొనుక్కుని, పాతబడ్డ ఈ తెల్ల ఫియట్‌ను ఆయనకు వదిలేశాడు. అప్పటికే దానికి ముసలితనం వచ్చింది. ఆయనకూ ఇక ఎక్కువ దూరంలో లేదు.

అయినా గల్ఫుకు పోయేవాళ్ళు ఆ కారే అడిగేవాళ్ళు. గంగాదాస్ బండిలో పోయినవాడు క్షేమంగా తిరిగొస్తాడని వాడకట్టులో ఒక నమ్మకం. పోయే రోజు ఇంటి ఆడమనిషి ఒక పసుపు కొమ్ముకు దారం చుట్టి కారు లోపల వెనక్కి చూసే అద్దానికి కడుతుంది. వచ్చేనాడు ఎయిర్‌పోర్టు దగ్గర గంగాదాసే ఎక్కించుకుంటాడు. వచ్చినవాడు తన చేత్తో ఆ కొమ్ము విప్పి, ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. ఆ రోజు కూరలో ఆ పసుపే పడుతుంది. ఒకప్పుడు అద్దం కింద గుత్తులుగా వేలాడేవి కొమ్ములు. అందరివీ విప్పేశారు. మిగిలింది ఒక్కటి.

అది ఎంకటిది. గంగాదాస్ సొంత తమ్ముడు. కట్టింది ఎంకటి భార్య వినోద. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తమ్ముడి భుజం పట్టుకుని, "నువ్వొచ్చేదాంక గీ బండిని ఉంచుతరా. దీంట్లనే తోల్కపోత" అన్నాడు గంగాదాస్. మొదట్లో ఎస్టీడీ బూత్‌కు ఫోన్లు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. ఎడారిలో గొర్లు కాస్తున్నాడని ఒకరు, ఆ యజమానిని విడిచి పారిపోయాడని ఒకరు చెప్పారు. కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. ఎంకటికి, వినోదకు పిల్లలు లేరు, ఏళ్ళు మాత్రం గడిచిపోయాయి. పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా వినోద బావ ఇల్లు వదిలి కదల్లేదు. పొద్దున లేవగానే తడిబట్టతో కారు అద్దాలు తుడుస్తుంది, కొమ్ముకు అంటిన దుమ్ము ఊదుతుంది, ఆ తర్వాతే బీడీల చాట ముందు కూర్చుంటుంది.

అందుకే గంగాదాస్ ఆ కారును అమ్మలేదు. టాక్సీ అడ్డామీద అందరూ డీజిలు బండ్లకు మారిపోయారు. జీతానికి డీజిలు బండి నడపమని ఆయన్నీ పిలిచారు. పోలేదు. ఆయన పంతం వెనక కారణం తెలిసినవాళ్ళు ఇంకేమీ అనలేకపోయారు.

కొత్త పెట్రోలు సంగతి బంకులో కుర్రవాళ్ళు ముందే చెప్పారు. చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కలుపుతున్నారట. "మనుషులు తాగింది సాలదా, కార్లకు గుడ పోస్తున్నరా?" అని నవ్వేశాడు. అప్పటినుంచి ఆ నవ్వు ఆయనకు తిరిగి రాలేదు. రబ్బరు పైపులు ఉబ్బి పగిలేవి. ఏళ్ళతరబడి ట్యాంకు గోడలకు పట్టిన తుప్పు ఊడి గొట్టాల్లోకి వచ్చేది. జక్రాన్‌పల్లిలో మెకానిక్కు గజేందర్ ఒకసారి గట్టిగానే చెప్పాడు. "కాకా, నీది ముసలి బండి. దీనికి గీ పెట్రోలు పడది. ఏం జేసినా గని, ట్యాంకుకు నీళ్ళు తాకనియ్యకు." ముసలి బండి అన్న మాట దగ్గరే గంగాదాస్‌కు కోపం వచ్చింది. తర్వాతి మాట చెవికెక్కలేదు.

ట్యాంకు బిగించి, బంకులో పెట్రోలు పోయించుకుని వచ్చేసరికి, ఆ రోజు గల్ఫుకు పోవాల్సిన సురేశ్ ఇంటిముందు జనం గుమిగూడి ఉన్నారు. సురేశ్ తల్లి భీమవ్వ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. వంగి, కొత్త కొమ్మును ఎంకటి కొమ్ము పక్కనే కట్టింది. కొడుకుతో పాటు తానూ వెనక సీట్లో కూర్చుంది. విమానం ఎగిరేదాకా చూడనిదే ఆమెకు ముద్ద దిగదు.

కారు బాగానే కదిలింది. జక్రాన్‌పల్లి దాటింది. చిన్న తుంపర మొదలైంది. డిచ్‌పల్లి ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజను ఒకసారి దగ్గింది. గంగాదాస్ గేరు మార్చాడు. మళ్ళీ దగ్గింది. రోడ్డు వారకు చేరి ఆగిపోయింది.

ఆయన దిగి బానెట్ ఎత్తాడు. గొట్టం ఊడదీసి నోట్లో పెట్టుకుని గుంజాడు. పెట్రోలు రుచి ఆయన నాలుకకు పుట్టుకతో వచ్చినంత అలవాటు. ఇది పెట్రోలు కాదు. సారాలో నీళ్ళు పోసినట్టుంది. ఉమ్మేశాడు. మళ్ళీ బిగించాడు. తాళం తిప్పాడు. లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. చాలాసేపు తిప్పాడు. ఒకసారి ఇంజను అందుకుని గరగరమంది. ఆశపడి యాక్సిలేటరు అదిమాడు. లోపల ఇనుము ఇనుమును కరిచిన చప్పుడొకటి వచ్చి, అంతా నిలిచిపోయింది. తర్వాత తాళం తిప్పితే టక్కుమని కూడా అనలేదు.

"కాకా, టైమైతున్నది" అన్నాడు సురేశ్ నెమ్మదిగా.

"జరాగు బిడ్డా. జర."

భీమవ్వ ఆగలేదు. తడుస్తూనే రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి ఒక సుమోను ఆపింది. సురేశ్ పెట్టె మోసుకుపోయాడు. ఆమె తిరిగి వచ్చి, ముందు సీట్లోకి వంగి, అద్దానికి తాను కట్టిన దారం విప్పబోయింది. ముడి రాలేదు. పళ్ళతో కొరికింది. ఎంకటి కొమ్ము చెంపకు తగిలింది. ఆమె తెగిన దారంతో సహా తన కొమ్మును పిడికిట్లోకి తీసుకుని, చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"ఏమనుకోకు గంగన్నా. తల్లి పానం" అంది, గంగాదాస్ ముఖం చూడకుండా.

ఆయన ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి లోపల ఏమన్నా మిగిలి ఉండాలి కదా.

కబురందుకుని గజేందర్ స్కూటరు మీద వచ్చాడు. ట్యాంకు అడుగు బోల్టు తీసి, సీసా నింపి, వెలుతురుకు ఎత్తి పట్టాడు. సీసాలో రెండు పొరలు. పైన పెట్రోలు. కింద తెల్లగా, మందంగా ఇంకొకటి.

"నీళ్ళతోని కడిగినవా కాకా?"

"గుక్కెడు ఉండె. కిందుంటయి గదా అని..."

"గా గుక్కెడే స్పిరిట్టును గుంజుకున్నది. గింత పెరిగి గొట్టం దాంక ఎక్కింది. నీళ్ళే తాగింది నీ బండి." ఇంజను ఆయిలు పుల్ల బయటికి లాగి వాసన చూశాడు. "పంపు రబ్బరు గుడ చినిగింది. ఆయిల్ల పెట్రోలు కలిసింది. నువ్వు గట్ల తిప్పకుంటె... ఇంజను లోపల బిగుసుకపోయింది కాకా. గీ సామాను ఇగ దొరకది."

తిట్టినా బాగుండేది. గజేందర్ తిట్టలేదు. ఆయన భుజాన చెయ్యివేసి, ఆర్మూరు వైపు పోతున్న ఒక ట్రాక్టరును ఆపి, తాడు కట్టించాడు.

చచ్చిన కారులో స్టీరింగు పట్టుకుని కూర్చోవడం ఎంత సిగ్గో గంగాదాస్‌కు ఆ సాయంత్రం తెలిసింది. మామిడిపల్లి చౌరస్తా దగ్గర అడ్డా డ్రైవర్లు చూశారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాళ్ళు ఆ రోజు చాయ్ గ్లాసుల్లోకి తలలు వంచుకున్నారు. అది ఇంకా బాధించింది.

ఇంటిముందు తాడు విప్పేసరికి వినోద అరుగుమీద ఉంది. చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. కారునూ, ట్రాక్టరునూ చూసింది. లేచి వచ్చి కిటికీలోంచి అద్దం కేసి చూసింది. ఇంట్లోకి పోయింది.

గంగాదాస్ కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ముత్తెమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారిపోయింది. అప్పుడు వినోద సంచి పట్టుకుని బయటికి వచ్చింది. ఎప్పుడూ తలుపు చాటునుంచే మాట్లాడే మనిషి, ఆ రోజు ఆయన ఎదురుగా నిలబడింది.

"బావా, నేను నవీపేటకు పోతున్న. మా అన్న కాడికి."

"బండి బాగైతది, బిడ్డా. గజేందర్ చేస్తనన్నడు."

అబద్ధం ఆయనకు చేతకాదు. ఆమె సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మల్ల ఎప్పుడొస్తవ్?" అంది ముత్తెమ్మ.

"బండి నడిచినన్ని దినాలు నేను గుడ ఉన్నక్కా" అంది వినోద. "ఇంకేం పట్టుకొని ఉండాలె?"

వంగి ఇద్దరి కాళ్ళకూ మొక్కింది. గంగాదాస్ లేచి కారు దాకా వెళ్ళాడు. తలుపు తెరిచి, అద్దం వైపు చెయ్యి చాపి ఆగాడు.

"కొమ్ము..."

"ఉండనియ్, బావా."

ఊళ్ళో ఎంతమందినో బస్టాండుకు దింపాడు ఆయన. సొంత మరదలు సంచి మోసుకుని చినుకుల్లో నడిచిపోతుంటే ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వీధి మలుపు తిరిగింది. కాసేపటికి బస్సు హారన్ వినబడింది. అది నవీపేట బస్సో కాదో తెలియదు.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. తుడిచే మనిషి లేక, ముందు అద్దం మీద రోడ్డు బురద చుక్కలు చినుకులకు చారలు కడుతున్నాయి. లోపలి అద్దం కింద వినోద వేసిన ముడి వేసినట్టే ఉంది. కొమ్ము ముడుతలుపడి చిటికెనవేలంత అయిపోయింది, గోటితో గీకితే మాత్రం లోపల ఇంకా పసుపుగానే ఉంది.