ఉమాశ్రీ తాళం వేసిన మెయిల్

కోకాపేటలో విమానాశ్రయాలకు బాడీ స్కానర్లు చేసే కంపెనీ ఒకటుంది. అక్కడ నరేందర్ కంప్యూటర్ల భద్రత చూస్తాడు. ఒకరోజు పరీక్షల విభాగం ఇంజనీరు ఉమాశ్రీ వచ్చి అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మెయిల్‌కి తాళం వేయడం నేర్పండి నరేందర్ గారూ. నేను పంపినవాళ్లు తప్ప ఇంకెవరూ చదవకూడదండి."

ఓపిగ్గా నేర్పాడు. ఆమె రహస్య తాళంచెవికి నకలు కంపెనీ సర్వర్లో ఉంటుందని, దాంతో ఆ మెయిళ్లు తెరవొచ్చని మాత్రం చెప్పలేదు. అడగలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

వారం తిరక్కుండానే డైరెక్టర్ పట్టాభిరామయ్య పిలిచాడు. "రేడియేషన్ అధికారులకు ఏదో పంపిందయ్యా ఆ అమ్మాయి. బయటికి పోకుండా ఆపించాను. ఎవరికన్నది కనపడుతోంది, లోపలేముందో కనపడట్లేదు. తెరువు."

"సార్, అది జర..."

"టీమ్ లీడ్ పోస్టుకు నీ పేరే రాశాను. కొట్టెయ్యమంటావా?"

నరేందర్ తెరిచాడు.

గోపన్‌పల్లి మల్లమ్మ గురించి ఉంది అందులో. కొత్త మెషీన్లు పరీక్షించడానికి రోజూ రెండొందల సార్లు ఎక్స్‌రేల ముందు చేతులెత్తి నిలబడే మనిషి. ఒక్కసారి నిలబడే ప్రయాణికుడికి ఏమీ కాదు. మల్లమ్మకు మాత్రం మూడు నెలల్లోనే ఏడాది మొత్తానికి ఉండాల్సిన రేడియేషన్ హద్దు దాటింది. కంపెనీ ఆమెకు రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ ఇవ్వకపోతే, ఉమాశ్రీ తన బ్యాడ్జీనే ఆమె కొంగుకు గుచ్చి లెక్క తీసింది.

మర్నాడు మీటింగు హాల్లో అందరి ముందూ ఆ ఇంగ్లీషు మెయిల్‌ని నరేందర్ చేతనే పైకి చదివించాడు పట్టాభిరామయ్య. ఆనక, ఇంగ్లీషు రాక అయోమయంగా చూస్తున్న మల్లమ్మ వైపు తిరిగాడు.

"అర్థమైందా? నీకు చేతకాదు, పనిలోంచి తీసెయ్యమని రాసింది మేడం."

"అబద్ధం మల్లమ్మా!" ఉమాశ్రీ లేచి నిలబడింది. "నీ ఒంటికి మంచిది కాదనే రాశాను."

"నా ఒంటి సంగతి నీకెందుకమ్మా?" మల్లమ్మ ముందుకొచ్చింది. "సల్లటి గదిల గూసోని నా బువ్వ మీద పడ్డవేంది? నీకేం పాపం జేసిన నేను?"

ఉమాశ్రీ నరేందర్ వైపు తిరిగింది. "చదివింది మీరే కదండీ. ఏముందో తెలుగులో చెప్పండి. మీ మాటైతే నమ్ముతుంది."

హాలంతా అతన్నే చూసింది. పట్టాభిరామయ్య చిన్నగా నవ్వుతున్నాడు.

"సారు చెప్పిందే ఉన్నది, మల్లమ్మా," అన్నాడు నరేందర్.

ఉమాశ్రీ మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు ఆమెను గేటు దాకా నడిపించుకుపోయారు. పోతుంటే వెనక నుంచి మల్లమ్మ మెటికలు విరుస్తూ తిట్టిపోసింది.

తర్వాత నరేందర్ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించింది.

"నువ్వు సల్లగుండాలె సారు. లేకుంటే నా పని పోయేటిది."

అంతలో లోపల్నుంచి ఎవరో కేకేశారు. పొద్దున ఆగిన పరీక్షలు ఇంకా మిగిలే ఉన్నాయి. మల్లమ్మ కొంగు బిగించి గబగబా మెషీన్ దగ్గరికి వెళ్లింది. అద్దం అవతల చేతులెత్తి నిలబడి, నరేందర్‌ను చూసి నవ్వింది.