ఓనరమ్మ

"రేపు పెద్దసారు వస్తడు. నారాయణపేట చీర కట్టుకొని మెషిన్ పక్కన నిలబడు. అడిగితే అన్ని నేనే చూసుకుంట సార్ అను, మర్వకు" అని మొగుడు విజేందర్ మళ్లీ చెప్పాడు. కోమల అంట్లు తోముతూ ఊ కొట్టింది.

మర్రిగూడ దాటాక ఉన్న వాళ్ల షెడ్డులో పత్తికట్టెను పొడి చేసి, గట్టి దిమ్మెలుగా అచ్చుపోసి ఫ్యాక్టరీల బాయిలర్లకు అమ్ముతారు. ఇలాంటి ఇంధనానికి సర్కారు రాయితీ ఇస్తుంది, ఆడవాళ్ల పేరు మీదైతే ఇంకాస్త ఎక్కువ. అందుకని బోర్డు మీద పేరు కోమలది. బ్యాంకు అప్పు కోమలది. తాకట్టులో ఉన్నది ఆమె తల్లి ఇచ్చిన చెలక భూమి. కుర్చీ మాత్రం విజేందర్‌ది. అత్త భద్రమ్మ "మా ఓనరమ్మ" అని నలుగురిలో నవ్వి, ఆ ఓనరమ్మ చేతనే కాళ్లు పట్టించుకుంటుంది.

తనకు అబద్ధం నేర్పుతున్నాననే అనుకుంటున్నాడు ఈ మనిషి, అనుకుంది కోమల. ఇందులో అబద్ధమేముంది? ఈ ఊళ్లలో పత్తి అమ్మిన పైసలు మగవాళ్లవి, చేలో మిగిలిన కట్టె ఆడవాళ్లది, పొయ్యిలోకి. ఇక్కడే పుట్టి పెరిగినా విజేందర్‌కు ఆ సంగతి పట్టలేదు. మగవాళ్లతో బేరం కుదుర్చుకుని ట్రాక్టరు పంపాడు. ఒక చేను రైతు భార్య జానమ్మ గట్టు మీద అడ్డం నిలబడి, కట్టె ముట్టుకుంటే ఊరుకోనంది. ట్రాక్టరు ఖాళీగా తిరిగొచ్చింది. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి, పొయ్యికి సరిపడా ఉంచుకోండి, మిగిలిందానికి పైసలు మీ చేతికే ఇస్తానని ఒప్పించింది కోమల. మెషిన్‌లో కట్టె వేసేదీ ఆమే, ఆ దుమ్ముకు దగ్గి దగ్గి పక్కటెముకలు నొప్పి పెట్టేదీ ఆమెకే. "నువ్వు చేసేదేమున్నది, మెషిన్ చేస్తది" అన్నాడొకసారి. గిన్నె తోముతుంటే ఆ మాట గుర్తొచ్చి కోమలకు ఒళ్లు మండిపోయింది. చేసేదంతా చేస్తున్న మనిషికి, చేస్తున్నట్టు నటించమని నేర్పుతున్నాడు.

మర్నాడు రాయితీ ఆఫీసు అధికారి, బ్యాంకు మేనేజరు కలిసి వచ్చారు. షెడ్డంతా తిరిగి, ఎవరు చూసుకుంటారమ్మా అని అడిగాడు అధికారి.

"అన్ని నేనే చూసుకుంట సార్."

విజేందర్ మెచ్చుకోలుగా తలూపి, ఇక చాయ్ తెమ్మని కళ్లతో సైగ చేశాడు. కోమల కదల్లేదు. అంతా బాగుందని, మిగిలిన రాయితీ త్వరలోనే ఆమె ఖాతాలో పడుతుందని, ఫోన్‌కు మెసేజ్ వస్తుందని మేనేజరు చెప్పాడు. విజేందర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఖాతాకు ఉన్నది తన నంబరేనన్నాడు.

"ఆ నంబరు తీసెయ్యాలె సార్. నాది రాసుకోండి" అంది కోమల.

మేనేజరు విజేందర్ వైపు చూశాడు. ఆమెకేం తెల్వదని చెప్పబోయి విజేందర్ నోరు మూసుకున్నాడు. అన్నీ ఆమే చూసుకుంటుందని అధికారి అప్పుడే రాసుకున్నాడు మరి.

కోమల తన నంబరు నిదానంగా చెప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మెషిన్ కాడ మనిషి లేడు. నువ్వు వోయి కట్టె ఎయ్యి."