నా చోట్లోకి వచ్చిన ఇంజను

నేను ఒక కారు ఇంజనుని. నాలుగు సిలిండర్లు, నాలుగు పిస్టన్లు, కాస్త బరువైన ఇనుప ఒళ్ళు. అసూయపరుణ్ణని ముందే ఒప్పేసుకుంటున్నాను. కథ విన్నాక మీరు ఎలాగూ అంటారు, ఆ మాటేదో నేనే అనేస్తే గౌరవంగా ఉంటుంది.

పుట్టింది ఎక్కడో ఉత్తరాది కర్మాగారంలో. మొదట ఒంగోల్లో ఒక గుండె డాక్టరు కారులో ఉన్నాను. ఆయన వచ్చిన ప్రతి రోగికీ రోజూ నడవమని చెప్పేవాడు. తను మాత్రం వీధి చివర కిళ్ళీ కొట్టుకి కూడా నన్ను స్టార్టు చేయించేవాడు. తర్వాత ఒంగోలు, చీరాల మధ్య పన్నెండేళ్ళు టాక్సీలో తిరిగాను. ఐదుగురు ఎక్కే బండిలో పదకొండు మందిని కుక్కి, వంతెన ఎక్కేటప్పుడు నాకు ఆయాసమొస్తే డ్రైవరు నన్నే తిట్టేవాడు. చివరికి ఆ బండి తుప్పుపట్టి పాత ఇనుము కొట్టు చేరింది. గురవాచారి నన్ను చూసింది అక్కడే.

ఆచారిది ఇనుము తిప్పి కోసే లేతు మిషను పని. అంతకుముందు ఇరవై ఏళ్ళు హైదరాబాదులో విమానం నడపడం నేర్పే క్లబ్బులో మెకానిక్కుగా చేశాడు. అక్కడే తనూ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఊరికొచ్చాక సొంతంగా ఒక విమానం కట్టుకోవాలని పట్టుబట్టాడు. ఊరవతల రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఉంది, మేకలు తప్ప దాన్నెవరూ వాడరు. దాని పక్కన రేకుల షెడ్డు వేసి, కర్రా గుడ్డా గొట్టాలూ కలిపి రెక్కలు కట్టాడు. ముందు తిరిగే చెక్క పంకా తన చేత్తో చెక్కాడు. విమానం కట్టడానికి నాలుగేళ్ళు పడితే అనుమతి కాగితాలకి ఐదేళ్ళు పట్టింది.

నన్ను విమానం ముక్కులో బిగించిన రోజు ఆచారి నా మీద చెయ్యేసి, "నేలమీద తిరిగింది చాల్లేరా ఇంక" అన్నాడు. అప్పటిదాకా నాతో అలా మాట్లాడిన మనిషి లేడు. ఆ మాటకోసం ఒళ్ళు హూనం చేసుకున్నాను. రన్‌వే ఆ చివరిదాకా పరుగెత్తాను. విమానం జానెడు లేచి మళ్ళీ కూర్చుంది. రెండేళ్ళు ఇదే వరస. ఊళ్ళో జనం టిఫిన్లు కట్టుకుని మరీ వచ్చి చూసేవాళ్ళు. ఆచారి విమానం ఇవాళ ఎంత గెంతిందని పందేలు కూడా వేసుకునేవాళ్ళు.

ఒకరోజు ఆచారి నన్ను గొలుసుతో పైకెత్తి తూకం వేశాడు. ముల్లు రెండుసార్లు చూశాడు. నా వీపు మీద తట్టాడంతే. ఆ తట్టడం నాకు నచ్చలేదు.

వారం తిరక్కుండా మస్తాను వచ్చాడు. చీరాల్లో పాత బండ్లు విప్పి అమ్ముకునే మస్తాను ఆచారికి చిన్నప్పటి స్నేహితుడు. ట్రాలీ ఆటోలోంచి గోనెసంచిలో చుట్టిన మూట దించాడు.

"ఆచారన్నా, జపాను కారుదంట ఇది. ఇంజనని అమ్మినోడు ఒట్టేసి చెప్పాడు. నాకైతే పిస్టన్ ఒక్కటీ కనబళ్ళా. నువ్వే చూడు."

ఆచారి విప్పాడు. లోపల మూడు మూలల ఇనుప ముద్ద ఒకటి, అది తిరగడానికి ఒక గూడు. అంతే సంగతి. ఆచారి మొహం వెలిగిపోయింది.

"రోటరీ ఇంజన్రా మస్తానూ. కిందికీ పైకీ కొట్టుకునేది ఏదీ ఉండదు దీన్లో. గుండ్రంగా తిరుగుద్ది. మనోడిలో సగం బరువుంటది, బలం చూస్తే ఒకటిన్నర రెట్లు."

మనోడంటే నేను. నా ఎదురుగానే అన్నాడు. బిందెంత లేదు, పిస్టన్ లేదు, వాల్వు లేదు, ఇదీ ఒక ఇంజనేనా? పైగా మా కంటే ఎక్కువ నూనె తాగుతుంది, పొగగొట్టం ఎర్రగా కాలుతుంది, చప్పుడు చూస్తే తేనెటీగల గుంపు మీద పడ్డట్టు. దానికోసం ఆచారి నెలరోజులు లేతు ముందు నిలబడి గేరుపెట్టె కోశాడు. నాకోసం ఏనాడూ అంతసేపు నిలబడలేదు.

నన్ను ఊడదీసి మూల బల్ల మీద పెట్టి, రంగు కొట్టే కంప్రెసర్‌కి బెల్టు తగిలించారు. నేను తిరిగితే గాలి, ఆ గాలితో మస్తాను రంగు కొడతాడు. మొట్టమొదట కొట్టిన రంగు దేనికో చెప్పనా? ఆ రోటరీగాణ్ణి కప్పే రేకు మూతకి. నా ఊపిరితో వాడికి సింగారం.

ఇంకేముంది, వాడు ఎగిరాడు. మొదటి రోజే తాటిచెట్లు దాటి, చెరువు దాటి, ఊరు చుట్టి వచ్చాడు. జనం ఈలలు వేశారు. దిగుతుండగా ఆచారి ఏడవడం చూశాను. ఏడవనివ్వండి, నన్నెక్కి గెంతినప్పుడు మాత్రం ఎప్పుడూ ఏడవలేదు. అక్కడ చప్పట్లు కొట్టని ప్రాణి మరొకటి ఉంది. ఆచారి భార్య కామాక్షమ్మ. విమానం పైనున్నంతసేపూ షెడ్డు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. ఆమెకూ నాకూ అప్పట్నుంచి ఏదో చుట్టరికం కలిసినట్టనిపించింది.

దసరా వచ్చింది. ఆచార్ల ఇళ్ళల్లో ఆయుధపూజంటే ఆషామాషీ కాదు. ఉలి, సుత్తి, లేతు, అన్నీ కడిగి, పసుపు రాసి, కుంకుమ పెడతారు. పండగ వెళ్ళేదాకా ఆ బొట్టు చేత్తో తుడవరు. కామాక్షమ్మ పళ్ళెంలో పసుపు ముద్ద చిక్కగా కలిపి తెచ్చి రోటరీ రేకు మూతకి మూడు బొట్లు పెట్టి బంతిపూల దండ వేసింది. చక్రాలకీ పంకాకీ పెట్టింది. ముక్కు మీదున్న పెట్రోలు ట్యాంకు మూతకి నడిమధ్యలో అరచెయ్యంత బొట్టు పెట్టింది. నాకు పళ్ళెం అడుగు గీకి చిటికెడు అంటించింది.

ఆ ట్యాంకు మూత మధ్యలో గుండుసూది పట్టే బెజ్జం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగుతుంటే దాంట్లోంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే పెట్రోలు దిగదు. బొట్టు సరిగ్గా దానిమీద పడింది. నేను చూశాను. చెప్పడానికి నాకు నోరు లేదు. నిజం చెప్పాలంటే, ఉన్నా ఆ పూట తెరిచేవాణ్ణి కాదేమో. మధ్యాహ్నం ఎండకి పసుపు సిమెంటులా గట్టిపడింది.

సాయంత్రం ఆచారి ఎక్కాడు. పది నిమిషాలు చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది.

ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. దాచను. ఆ మరుక్షణం లోపల ఆచారి ఉన్నాడని గుర్తొచ్చింది. షెడ్డు బయట కామాక్షమ్మ చేతిలో చెంబు జారి పడింది.

ఆచారి మంచి చెయ్యిగలవాడు కాబట్టి గాల్లో జారుకుంటూ వచ్చి పొగాకు చేలో దించాడు. పంకా విరిగింది, ఒక చక్రం ఊడింది, మోచేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి. విమానాన్ని ట్రాక్టరు మీద షెడ్డుకి తెచ్చారు. ఆచారి ఆస్పత్రిలో ఉండగా మస్తాను ట్యాంకు మూత తీశాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ హడావుడిలో అది విన్నది నేనొక్కణ్ణే. సగం ట్యాంకు పెట్రోలుంది కాబట్టి తప్పు ఇంజనుదేనని తేల్చి, మూత గూట్లో పడేశాడు.

ఆచారి వచ్చి, ట్యాంకు మూత లేకుండానే రోటరీని తిప్పి చూశాడు. నిక్షేపంగా తిరిగింది. విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఎక్కడా దోషం లేదు.

"కింద తిరుగుద్ది, పైన ఆగుద్ది. ఎందుకాగిందో తెలీని ఇంజన్ని నమ్మి ఎట్టా ఎక్కేదిరా?" అన్నాడు మస్తానుతో.

కొత్త పంకా, కొత్త చక్రం వచ్చాయి. నన్ను మళ్ళీ ముక్కులో బిగించారు. రోటరీగాణ్ణి గోనెసంచిలో చుట్టి గుమ్మం పక్కన పెట్టారు. శుక్రవారం మస్తాను తీసుకుపోతాడు. ఆ మూటని చూస్తుంటే నాకు పండగే. కామాక్షమ్మ వచ్చి నా మీద చెయ్యేసింది.

"నువ్వే నయం నాయనా. ఆయన్ని జానెడుకన్నా పైకి తీసుకుపోవు."

నా బతుకులో నాతో ఎవరైనా మంచిగా మాట్లాడింది ఇది రెండోసారి. అంతకంటే తిట్టినా బాగుండేది.

గురువారం మధ్యాహ్నం ఆమె గూడు సర్దుతూ ట్యాంకు మూత తీసి చింతపండుతో తోమింది. పసుపు పెళ్ళ ఊడింది. వెలుతురుకి ఎత్తి చూస్తే సూది మొనంత ఆకాశం కనబడింది. నూనె డబ్బాకి ఒకటే బొక్క పెడితే నూనె సరిగ్గా రాదని, గాలికి ఇంకోటి పెట్టాలని తెలియని ఇల్లాలు ఉంటుందా? ఆమెకి అంతా తెలిసిపోయింది. అక్కడే పీట మీద కూలబడింది.

చెప్పకు తల్లీ అనుకున్నాను. నువ్వు నోరు మూసుకుంటే నీ మొగుడు నేలమీదుంటాడు, నేను ముక్కులో ఉంటాను. ఇద్దరికీ మంచిదే. ఆమె కూడా అదే అనుకుందని నాకు తెలుసు. మూతని కొంగులో ముడేసుకుంది.

అప్పుడు ఆచారి వచ్చాడు. ఆగి ఉన్న లేతు మీద చెయ్యి పెట్టాడు.

"కామాక్షీ, రేపు మస్తాను వస్తే లేతు కూడా తీసకపొమ్మంటాను."

"లేతెందుకయ్యా?"

"ఆ గేరుపెట్టె నేను కోసిందే. తప్పెక్కడో దాంట్లోనే ఉండుంటది, నాకు కనబడ్డంలా. నా చేతిమీద నాకు నమ్మకం పోయింది."

కామాక్షమ్మ అతని చేతుల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. కొంగు ముడి విప్పింది.

"నీ చెయ్యి బాగానే ఉందయ్యా. ఈ బెజ్జం మీద బొట్టు పెట్టింది నేను. నిన్ను చంపబోయింది నేను."

ఆచారి మూత అందుకుని నోటితో ఊదాడు. మళ్ళీ ఊదాడు. పీట పక్కన నేలమీదే కూర్చున్నాడు.

"ఎక్కేముందు ఆ బొట్టు చూశానే. బెజ్జం అక్కడుందనీ తెలుసు. తుడవబుద్ధి కాలా" అన్నాడు.

"చెప్పకూడదనుకున్నాను."

"తెలుసు."

ఆ తర్వాత సంగతి మీరు ఊహించుకోవచ్చు. నన్ను మళ్ళీ ఊడదీశారు. గోనెసంచి విప్పారు. మూత బెజ్జానికి కొక్కెంలా వంగిన సన్నగొట్టం అతికించాడు ఆచారి. ఇప్పుడు దానిమీద ఎవరు ఏం పూసినా గాలి ఆగదు.

నేను మూల బల్ల మీద కంప్రెసర్ తిప్పుతున్నాను. మొన్న ఆదివారం ఆచారి మళ్ళీ ఎక్కాడు. మస్తాను ఏదో ట్రాక్టరుకి రంగు కొడుతున్నాడు. ఆ రోటరీగాడి రొద వినకూడదని నేను మామూలుకంటే గట్టిగా మోగుతున్నాను. కామాక్షమ్మ షెడ్డులోకి వచ్చింది. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మస్తానూ, దీన్ని కాసేపు కట్టెయ్యి. ఇది మోగుతుంటే పైది వినబడ్డంలేదు."

మస్తాను నా తాళం తిప్పాడు. నేను ఆగిపోయాను. చెరువు అవతల ఎక్కడో వాడి చప్పుడు సన్నగా వినబడింది. ఆమె రేకులకింద నిలబడి విన్నది. వాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంటే. అయినా ఆ చప్పుడు దగ్గరపడేదాకా నేనూ విన్నాను.