పరుపు మీద చాపిన కాలు

మా మరిది వినయ్‌ను నిలబెట్టి చూడకూడదు, కూర్చోబెట్టి చూడాలి. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు ఆ సంగతి అర్థమైపోయింది. వరంగల్ చౌరస్తా దగ్గర మాది పాతకాలపు చీరల దుకాణం. కౌంటర్లు, స్టూళ్లు ఉండవు. తెల్ల దుప్పటి పరిచిన పొడవాటి పరుపు, దాని వెనక అరల నిండా చీరలు. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి కూర్చుంటే, ఎదురుగా బాసింపట్టు వేసుకుని వినయ్ ఉండేవాడు. చీర విప్పి ఒక్క విసురు విసిరాడంటే కొంగు వెళ్లి సరిగ్గా పెళ్లికూతురి ఒళ్లో పడేది. కూర్చున్నంతసేపూ రాజే. లేచి నిలబడితేనే ఐదడుగుల రెండంగుళాలు.

జనగామలో పిల్లను చూడబోయినప్పుడు కూడా కూర్చున్నంతసేపు అంతా బాగానే నడిచింది. చేతులు కడుక్కుందామని వినయ్ లేచేసరికి పిల్ల మేనత్త, "అయ్యో, గింతేనా!" అని పకపకా నవ్వింది. ఆ పూట నా చేతికి ఎనుమాముల మార్కెట్ మిర్చి అందలేదు కాబట్టి ఆవిడ నోరు బతికిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఏదో కోర్సు చేస్తానని చెప్పి వినయ్ వేరే ఊరు వెళ్లాడు. ఫోన్లో హుషారుగానే మాట్లాడేవాడు, వీడియో కాల్ అంటే మాత్రం తప్పించుకునేవాడు. అనుమానం వచ్చి మా ఆయన శ్రీకాంత్ వెళ్లి చూస్తే, దవాఖానలో మంచం మీద ఉన్నాడు. రెండు కాళ్ల ఎముకలు కోయించుకుని, లోపల రాడ్లు వేయించుకుని, రోజుకింత అని సాగదీయించుకుంటున్నాడు. ఎందుకట? మూడంగుళాల కోసం.

ఇదంతా జరిగి నాలుగేళ్లు దాటింది. మంచం అయింది, వాకర్ అయింది, చేతికర్ర అయింది. రాడ్లు కూడా తీసేశారు. ఇప్పుడు వినయ్ బాగానే నడుస్తాడు, మెల్లగా మెట్లెక్కుతాడు. చలికాలం వస్తే మాత్రం పొద్దున్నే కాళ్లు పట్టేస్తాయి. కుడికాలు ఇప్పుడిప్పుడే ముడుచుకుంటోంది. ఎడమకాలు ససేమిరా అంటోంది. దాంతో దుకాణంలో గల్లాపెట్టె పక్కన గోడకు ఆనుకుని నిలబడే ఉంటాడు. పొడుగైతే అయ్యాడు గానీ ఆ పొడుగు చూసేదెవరు? మా దుకాణంలో అందరూ కూర్చునే ఉంటారాయె!

ఒకరోజు నాతో అన్నాడు. "మూడించులు కొనుక్కున్న వదినా. కూసునుడు అమ్ముకున్న. ఎంత తప్పు చేసిన్నో ఇప్పుడు ఎరుకైతాంది."

నవ్వుతూనే అన్నాడు, కళ్లలో మాత్రం నీళ్లు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

"దీప్తి మేడం ఏం చెప్పింది నీకు? కాలు చాపుకోనైనా సరే, రోజు కింద కూసో అన్నదా లేదా?" అని గద్దించాను. దీప్తి అంటే హన్మకొండలో వినయ్ కాళ్లకు కసరత్తులు చేయించే డాక్టరమ్మ.

"ఇంట్ల కూసుంటాన్న కదా. దుకాణంల కాలెట్ల చాపుత? బాపు ఊకుంటడా?"

అదీ నిజమే. బాపు అంటే మా మామగారు పాండురంగం. పరుపు మీద ఎవరూ కాలు చాపకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. కొనడానికి వచ్చినవాళ్ల వైపు కాలు చాపితే వాళ్లను తన్నినట్టే లెక్క. చీరకు కాలు తగిలితే కళ్లకద్దుకోవాల్సిందే. నడుం నొప్పని ఒకసారి కాలు చాపిన పనివాణ్ణి అప్పటికప్పుడు లేపి నిలబెట్టారు. ఇక ఆపరేషన్ గురించి అయితే ఈ నాలుగేళ్లలో ఒక్కటే మాటన్నారు. "చెప్పకుంట పోయిండు కదా, చెప్పకుంటనే బాగు చేసుకోమను." ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

అందుకే వినయ్ దుకాణం వదిలేద్దామనుకున్నాడు. హన్మకొండలో ఒక ఆఫీసులో పని కుదుర్చుకున్నాడు, ఒకటో తారీఖు నుంచి వెళ్లాలి. "ఆడ కుర్చీ ఉంటది వదినా" అన్నాడు. చీర అంచు వేళ్ల మధ్య నలిపి అది ఏ ఊరి నేతో చెప్పే పిల్లవాడు కుర్చీ కోసం పోతాడట. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఒకటో తారీఖు ఇంకో వారం ఉందనగా పరకాల దగ్గరి నుంచి సమ్మమ్మ వచ్చింది. ఆమె ఇంట్లో ఎవరి పెళ్లికైనా చీరలు వినయ్ చేతి మీదుగానే కొనేది. ఈసారి మనవరాలి పెళ్లి. శ్రీకాంత్ సూరత్ వెళ్లి ఉన్నాడు కాబట్టి సాయానికి నేనూ దుకాణంలోనే ఉన్నాను, చీరలు పనివాళ్లే చూపిస్తున్నారు. ఒక్కటీ ఆమెకు నచ్చలేదు. గోడ దగ్గర నిలబడ్డ మనిషి వంక కాసేపు చూసి అప్పుడు గుర్తుపట్టింది.

"వినయ్, నువ్వేనా బిడ్డా? గట్ల నిలవడ్డవేంది? వచ్చి కూసో. నిన్ను సూసి సూసి మెడ గుంజుతాంది."

"కూసుంటె కాలు ముడువరాదవ్వా. చాపితె మీ దిక్కే వస్తది."

"ఏమైంది కాలుకు?"

ఇంతకుముందు ఎవరడిగినా బండి మీంచి పడ్డానని చెప్పేవాడు. ఆ రోజు మాత్రం తలదించుకుని, "పొడుగు కావాల్నని కోయించుకున్న" అన్నాడు.

సమ్మమ్మ వాడిని కింది నుంచి పైదాకా చూసింది. "మంచిగనే ఉంటివి గదరా కొడుకా" అంది. ఆ ఒక్క మాట ఇంట్లో మేమెవరం అనలేదు, తిట్టడంలోనే సరిపోయింది.

అప్పుడు మామగారు గల్లాపెట్టె దగ్గరి నుంచి లేచారు. అయిపోయింది, ఇంటి పరువు నలుగురిలో తీశావని అరుస్తారనుకున్నాను. ఆయన మాత్రం నేరుగా పరుపు మీదికి వెళ్లి, అరలకు వీపు ఆనించి కూర్చున్నారు. ధోవతి సర్దుకున్నారు. తర్వాత రెండు కాళ్లూ బారెడు చాపారు!

పనివాళ్లు నోళ్లు తెరిచారు. నేనూ తెరిచాను.

"ఏమనుకోకు అక్కా, నాకు మోకాళ్లు పట్టినయ్" అన్నారు సమ్మమ్మతో. "జర నువ్వే ఇటు పక్కకచ్చి కూసో." రోజూ పొద్దున్నే గోవిందరాజుల గుట్ట ఎక్కి దిగే మనిషి! మోకాళ్లు పట్టాయట! ఆ తర్వాత పక్కనున్న చోటును అరచేత్తో తట్టి, "వినయ్, రా" అన్నారు.

వినయ్ నా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. కుడికాలు ముడిచి, ఎడమకాలు చాపి, తండ్రి పక్కన కూర్చున్నాడు. సమ్మమ్మ పరుపు చుట్టూ తిరిగి వచ్చి వాడికి ఇటు పక్కన కూలబడింది. "పరకాల్నుంచి బస్సుల నిలవడి అచ్చిన, నాయి గూడ గుంజుతానయ్" అంటూ తనూ కాళ్లు చాపింది. మనవరాలు నవ్వుతూ ఆమె పక్కన చేరింది.

వినయ్ వెనక్కి చెయ్యి చాచి, చూడకుండానే, పసుపురంగు పట్టుచీర లాగాడు. ఒక్క విసురు విసిరాడు. చీర బారుగా విచ్చుకుని, చాపిన కాళ్లన్నిటి మీదా పడింది. మామగారి పాదాలు కూడా దాని కిందే ఉన్నాయి. ఆయన ఆ అంచు తీసి కళ్లకద్దుకుని, "ఇంకోటి తియ్యి" అన్నారు.

చీకటి పడేవేళకు సమ్మమ్మ రెండు మూటలు కట్టించుకుని వెళ్లింది. వినయ్ లేవలేకపోతే మామగారు చంకలో చెయ్యి వేసి లేపారు. పరుపు వంక, వాడి ఎడమకాలి వంక కాసేపు చూసి నన్ను పిలిచారు.

"శ్రీలతా, పరుపులు కుట్టేటాయనకు రేపు ఫోన్ చెయ్యి బిడ్డా. ముందు దిక్కుకు ఇంకో మూడించులు వెడల్పు పెట్టమను."

నాలుగేళ్లలో ఆయన నోట ఆ మూడంగుళాల మాట రావడం అదే మొదటిసారి. వినయ్ ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసి, పగలబడి నవ్వాడు.