వాలిన రంగు

డబ్బాలో రంగు ఒక అంచు వైపుకే ఎగబాకడం చూసి పెయింటర్ చెయ్యి ఆగిపోయింది. డబ్బా, తను నిలబడ్డ బుట్ట మూలన కదలకుండా కూర్చుని ఉంది. అంటే వాలింది బుట్ట. బుట్ట వాలిందంటే కింద బండే వాలింది.

పొడవాటి ఇనుప చేతి చివర మనిషి నిలబడే బుట్ట ఉన్న లిఫ్ట్ బండి అది. తను ఇప్పుడు అయిదో అంతస్తు ఎత్తున ఉన్నాడు. బండి ఒరిగితే అరిచే బజర్ ఒకటి ఉండేది. చీటికిమాటికి మోగుతోందని పొద్దున దాని వైరు పీకించిన ఘనుడు తనే. "చెవులు చిల్లులు పడుతున్నాయిరా, దాని నోరు మూయించు!" అన్నాడు. కింద సాయంగా ఉండే బావమరిదికి బావ మాటంటే వేదవాక్కు. కిక్కురుమనకుండా పీకేశాడు.

పెయింటర్ వంగి చూశాడు. ముందు చక్రం ఒకటి, కొత్తగా పూడ్చిన గోతిలోకి దిగబడుతోంది. దానికి ఎదురు మూల వెనక చక్రం జానెడు పైకి లేచింది. ఆ చక్రం కింద కాళ్లు పెట్టి, బండిని కిందికి లాగుతూ వేలాడుతున్నాడు బావమరిది! తన బరువుతో ఆపుదామని. అన్ని టన్నుల ఇనుముకు వీడొక లెక్కా? వెన్నలాంటి మనిషే గానీ, భయమేస్తే బుర్ర మోకాల్లోకి జారిపోతుంది.

పెయింటర్ నడుముకున్న బెల్టు బుట్టకే తగిలించి ఉంది. బుట్టతో పాటే తనూ. చాచిన ఇనుప చేతిని మెల్లగా లోపలికి లాక్కుంటే బండి నిలదొక్కుకుంటుంది. బుట్టలోని లీవరు మీద వేలు పెట్టి, వెంటనే తీసేశాడు. నిలదొక్కుకుంటే ఆ లేచిన చక్రం దిగేది వాడి పాదాల మీదికే.

"పక్కకి పోరా!"

"వదిలితే పడిపోతావ్ బావా!" కళ్లు గట్టిగా మూసుకుని అరిచాడు వాడు.

బుట్ట ఇంకాస్త ఒరిగింది. రంగు అంచు దాటి కారింది. వాణ్ణి ఎత్తుకుని పెంచింది తన భార్యే. ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చెప్పడానికి అసలు తనంటూ మిగలాలిగా?

పెయింటర్ రోజూ విసుక్కునే గొంతుతోనే కేకేశాడు.

"ఏరా మొద్దూ! అంచులకి చిన్న బ్రష్ కావాలని ఎప్పుడనగా చెప్పాను? వ్యాన్‌లో ఉంటుంది, పట్రా. ఎంతసేపు?"

బావమరిది కళ్లు తెరిచాడు. ఏళ్ల తరబడి ఈ కేకకే పరిగెత్తిన మనిషి.

"వస్తున్నా బావా!" అంటూ బండి వదిలేసి వ్యాన్ వైపు ఉరికాడు.

పెయింటర్ లీవరు నొక్కాడు. ఇనుప చేయి అంగుళం అంగుళంగా ముడుచుకుంది. ఉన్నట్టుండి చక్రం నేలను గుద్దింది. బుట్ట అటూ ఇటూ ఊగింది. పళ్లు బిగబట్టి, ఏడుపు మింగుతూ, కిందిదాకా దించుకున్నాడు. బెల్టు విప్పి నేల మీదికి దిగాడు. ఉన్నచోటనే కూలబడ్డాడు.

బావమరిది వగరుస్తూ వచ్చి బ్రష్ అందించబోయాడు.

"ఇదేనా బావా?"

పెయింటర్ దాన్ని అందుకోలేదు. వాడి పాదాలు రెండూ తడిమి చూసుకుని బావురుమన్నాడు.