ఉమ్మడి ఆకలి

ఆ ఇంట్లో రోజూ ఒంటిగంటకు అందరికీ ఒకేసారి ఆకలేసేది. ఉమ్మడి కుటుంబం కదా, ఆకలి కూడా ఉమ్మడిదే. ఒకరు ముందు తిన్నారంటే మిగతావాళ్ళ కడుపులు కూడా నిండిపోయేవి. అందుకని మామగారు, అత్తగారు, భర్త, ఇద్దరు పిల్లలు ఒక్కసారే మొదటి ముద్ద ఎత్తేవారు. పెద్దకోడలు వడ్డించేది. వాళ్ళు చేతులు కడుక్కునేసరికి ఆమెకు కడుపు నిండిపోయి ఉండేది. గిన్నెల్లో మిగిలింది పారేయడానికి మనసొప్పక ఎలాగో మింగేది.

"ఒక్కరోజు నేనూ మీతో కూర్చుంటానండీ" అని ఒకసారి అడిగింది.

"మరి వడ్డించేదెవరు?" అన్నాడు భర్త. నిజంగానే తెలియక అడిగాడు పాపం.

మరిది, తోడికోడలు అప్పటికే వేరుకాపురం పెట్టారు. అత్తగారు ఏడ్చింది, మామగారు అలిగారు. పెద్దకోడలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టే ఉంది. చిన్నదాని కొత్త ఇంటిని చూసి గానీ, కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగాన్ని చూసి గానీ కుళ్ళుకోలేదు. ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"అక్కా, ఇప్పుడే దుకాణం నుంచొచ్చా. ఆకలి దంచేస్తోంది! నుంచునే తినేస్తున్నా. అబ్బ, ఎంత రుచిగా ఉందో!"

"మరి మా మరిది?"

"ఆయన ఆకలి ఆయనది, నా ఆకలి నాది."

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. "నుంచుని తింటే ఒంటికి పట్టదే" అని ఫోన్ పెట్టేసింది. పట్టకూడదనే కోరుకుంది కూడా.

మర్నాడు పన్నెండున్నరకే ఐదు కంచాలు పెట్టి, వంటింటి తలుపు గడియ వేసుకుంది. గిన్నె ముందేసుకుని కూర్చుంది. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఇరవై రెండేళ్ళుగా ఎక్కువే వేస్తోందో ఏమో, ఎవరూ చెప్పలేదు. అయినా ఎంత బాగుందంటే, తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అడుగంటా తుడిచి తినేసింది.

బయట మామగారు గట్టిగా త్రేన్చారు. "ఇదేంటి, ఇంకా ఏమీ పెట్టకుండానే!"

"అమ్మాయ్, ఏం చేస్తున్నావు లోపల?" అరిచింది అత్తగారు.

"తింటున్నా అత్తయ్యా."

ఆమె తలుపు తీసేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఖాళీ గిన్నె వంక, తర్వాత ఆమె మొహం వంక చూశాడు. అతని చూపు ఆమెకు బాగా తెలుసు. ఫోన్ పెట్టేసినప్పటి నుంచి అది ఆమె కళ్ళల్లోనూ ఉంది.

"బాగుందా?" అన్నాడు, ఉండబట్టలేక.

"చాలా."

ఆ మర్నాడు అతనే ఆరు కంచాలు తెచ్చి పెట్టి, ఆమెను మధ్యలో కూర్చోబెట్టాడు. గిన్నెలు చేతులు మారుతూ తిరిగాయి. ఐదుగురూ ఆమె చేతినే కనిపెట్టుకుని చూస్తున్నారు.

"నువ్వు ఎత్తితే మేమూ ఎత్తుతాం. త్వరగా కానీ తల్లీ, ప్రాణం పోతోంది" అంది అత్తగారు.

ఆమెకూ ప్రాణం పోతోంది. ఆ ఆకలిని ఇంకాసేపు ఉంచుకోవాలనిపించింది.

"ఆగండి" అంది.