పెద్దగుమ్మమూ, దిడ్డీ

నన్ను కోట అంటారు. నాలుగు బురుజులూ, ఒక ప్రహరీ, లోపల ఒక మేడా ఉన్న రాతికట్టడాన్ని నేను. వేగులమెట్టలో ఒక చిన్న జమీందారుగారి పెద్ద భయంలోంచి పుట్టాను. పక్క జమీందారు దండెత్తి వస్తాడని ఆయన భయం. ఆ పక్కాయనకు ఈయనంటే అదే భయమట. ఆయనా అక్కడ నాలాంటిదాన్నే లేపుతున్నాడని రాళ్ళు తోలిన బళ్ళవాళ్ళు చెప్పుకొని నవ్వుకునేవారు.

గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి నా గోడలు కట్టారు. బెల్లం మోసిన ఆడవాళ్ళ పిల్లలు నాకినంత నాకగా మిగిలింది నాకిచ్చారు. పెద్దగుమ్మానికి మద్దిచెక్క తలుపులు పెట్టి, ఏనుగులు కుమ్మకుండా ఇనప మేకులు దిగ్గొట్టారు. ఏనుగు రాలేదు. గేదెలొచ్చి వాటికి వీపులు గోక్కునేవి.

ఆ తలుపులోనే ఒక చిన్న తలుపుంది. దాన్ని దిడ్డి అంటారు. నడుం వంచితే తప్ప దానిలోంచి మనిషి దూరలేడు. పనివాళ్ళ రోజువారీ రాకపోకలన్నీ దిడ్డిలోంచే. యజమానుల కోసమూ, కొత్త యజమాని సన్నాయితో లోపలికి వచ్చే రోజునా మాత్రం పెద్దగుమ్మం తీస్తారు.

నన్ను కట్టించిన రాజావారు నడివానల్లో పోయారు. అప్పటికి మద్దిచెక్క నాని ఉబ్బిపోయి, పదిమంది తోసినా తలుపు కదల్లేదు. చేసేదిలేక ఆయన్ను పాడెతో సహా కిందికి దించి, చేతుల మీదుగా దిడ్డిలోంచి అవతలికి అందించారు. తర్వాత ఆయన కొడుకు పోయింది మండుటెండల్లో. తలుపు చక్కగా తెరుచుకునేదే. కానీ ‘పెద్దాయన దిడ్డిలోంచే వెళ్ళారు కదా, అందులో ఏదో అంతరార్థం ఉంటుంది’ అన్నారెవరో. పెద్దగుమ్మంలోంచి శవం వెళితే లక్ష్మి కూడా వెంటబడి పోతుందని ఇంకెవరో చేర్చారు. చెక్క ఉబ్బిన సంగతి నాకొక్కదానికే తెలుసు. నాకేమో నోరు లేదు.

రాజులు అయిపోయారు. గోగునార వ్యాపారి ఒకాయన నన్ను కొని, మేడ నిండా నార కుక్కాడు. ఆయన సన్నాయితో పెద్దగుమ్మంలోంచి వచ్చాడు, దిడ్డిలోంచి పోయాడు. ఆయన కొడుకులూ అంతే. తలలెత్తుకొని వచ్చినవాళ్ళంతా తలవాల్చి అందులోంచే పోయారు.

మారనివాడు గుమ్మం కాసే గురువులు ఒక్కడే. అతని తాత రాజుల దగ్గర కాశాడు, తండ్రి వ్యాపారి దగ్గర కాశాడు. గుమ్మం పక్క గదిలోనే గురువులు పుట్టాడు, అక్కడే కూతురు ఎర్నమ్మను పెంచాడు. తలుపు బందులకు ఆముదం రాసేది అతను. పెద్దగుమ్మం తాళంచెవి అతని మొలతాడుకే వేలాడేది. అయినా అందులోంచి అతను ఏనాడూ నడవలేదు. దిడ్డిలో వంగి వంగి అతని నడుం చివరికి వంపు తిరిగే ఉండిపోయింది.

మొన్న వేసవిలో రైసుమిల్లు జోగినాయుడు నన్ను కొన్నాడు. పాలు పొంగించే రోజున తాళంచెవి తన చేతికిమ్మని గురువులుతో చెప్పాడు. అది ఎల్లుండి అనగా గురువులు కన్నుమూశాడు.

ఎర్నమ్మ తండ్రికి స్నానం చేయించి, కొత్త పంచె కట్టింది. తాళంచెవిని మళ్ళీ మొలతాడుకే ముడేసింది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు. పాడె లేచింది. దిడ్డివైపు తిరగకుండా పెద్దగుమ్మం ముందుకొచ్చి కిందికి దిగింది.

కబురంది జోగినాయుడు గుమాస్తాను వెంటబెట్టుకొని పరుగున దిడ్డిలోంచి దూరి వచ్చాడు.

“ఏటే ఎర్నమ్మా, ఇక్కడ దించీసినారు?”

“మా అయ్యని పెద్దగుమ్మంలోంచి అట్టుకెల్తాం, నాయుడుబాబూ.”

“మతి గాని పోనాదేటే? ఎల్లుండి మేం పాలు పొంగించుకోవాల. రాజులే దిడ్డిలోంచి పోనారు. మీ అయ్య రాజులకన్నా ఎక్కువేటి?”

“రాజులు ఒక్కసారే వొంగినారు బాబూ, అదీ సచ్చినాక. మా అయ్య బతికినన్నాళ్ళూ వొంగినాడు. ఇంక వొంగడు.”

పాడె మోసేవాళ్ళలో ఆమె మేనమామ ఒకడు. చెమట తుడుచుకుంటూ, “తొరగా తేల్చండి బాబూ. బావ బతికున్నప్పుడు ఇంత బరువు లేడు,” అన్నాడు. డప్పులవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి తలలు దించుకున్నారు.

జోగినాయుడికి ఒళ్ళు మండింది. “కోట నాది. తాళంచెవి ఇటు పడీ!”

“తీసుకోండి బాబూ. మొలతాడుకుంది.”

ఆయన చెయ్యి సగం దాకా చాచి ఆగిపోయాడు. శవాన్ని ముట్టుకుంటే మైల. ఎల్లుండి పాలు పొంగవు. గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా రెండడుగులు వెనక్కేసి, “మా ఇంట్లోనూ శుభకార్యం ఉందండి,” అన్నాడు. ఏం కార్యమో చెప్పలేదు.

ఎండ ఎక్కుతోంది. ఎర్నమ్మ వంగి ముడి విప్పి, తాళంచెవి తీసి, తనే గుమ్మం తెరిచింది. బందులు చప్పుడు చెయ్యలేదు, తండ్రి రాసిన ఆముదం ఇంకా ఆరలేదు. నలుగురూ పాడెను భుజాలకెత్తుకున్నారు. అడ్డపడడానికి జోగినాయుడికి మనసుంది గానీ, శవానికి ఎదురెళ్ళే ధైర్యం లేదు. గొడుగు విప్పి మొహానికి అడ్డంపెట్టుకున్నాడు. గురువులు నిండు గుమ్మంలోంచి, మనిషెత్తున, వెల్లకిలా, ఆకాశం చూస్తూ వెళ్ళిపోయాడు. వెనకనే ఎర్నమ్మ నడిచింది. తాళంచెవి తలుపుకే ఉంచేసింది.

శవం మొన్ననే పోయిన గుమ్మంలోంచి పాలగిన్నె రాకూడదన్నారు పురోహితులు. అందుకని మూడోనాడు సన్నాయి ముందు దిడ్డిలో దూరింది. తర్వాత నాయుడుగారి భార్య, ఆమె చేతుల్లో పాలగిన్నె. చివరన జరీ కండువా జారకుండా పట్టుకొని, నడుం వంచి, జోగినాయుడు.

ఇన్నేళ్ళలో సన్నాయితో వస్తూ కూడా నాలోకి వంగి అడుగుపెట్టిన మొదటి యజమాని ఆయనే. వంగినవాడికి ముందుగా కనబడేది నేల; మొన్న పరుగులో ఆయన దాన్ని చూడలేదు. దిడ్డి కిందున్న గడపరాయి నడిమధ్యన అరిగిపోయి, పాదమంత గుంట పడి ఉంది. ఎవరి పాదమో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెనక జనం తొందరపెడుతున్నారు. కాలు పెట్టడానికి వేరే చోటు లేదు.

కుడికాలు అందులోనే పెట్టాడు.